ఓలెసుండ్‌లో ఓడ దిగితే బస్సు ఎక్కొద్దు, నడవండి

ఓడ వాళ్ళు అమ్మే బస్సు టూర్ తీసుకోవాలా వద్దా అని మా చుట్టాల్లోనే ముగ్గురు అడిగారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేదు అందుకే ఇక్కడ వివరంగా రాసేస్తున్నా. నార్వే క్రూజ్‌లో మిగతా ఊళ్ళ సంగతి వేరు, ఫ్లోమ్‌కి వెళ్తే ఆ కొండ రైలు ఎక్కాల్సిందే, కానీ ఓలెసుండ్‌లో మాత్రం బస్సు శుద్ధ దండగ. ఊరే అరచేతిలో పట్టేంత, ఓడ దిగి అయిదు నిమిషాలు నడిస్తే నడిబొడ్డున ఉంటారు. మేం ముగ్గురం వెళ్ళాం, నేను, మా ఆయన, మా నాన్న. నాన్నకి 68, ఎడమ మోకాలు ఒకటి మొరాయిస్తుంది. ఈ రివ్యూలో సగం మార్కులు ఆయన మోకాలు ఇచ్చినవే అనుకోండి.

ముందు పేరు. నార్వే వాళ్ళు ఇంగ్లీషు ఏ అక్షరం మీద చిన్న సున్నా పెట్టి రాస్తారు, దాన్ని ఓ అని పలకాలి. మేం వారం రోజులు ఏల్‌సండ్ ఏల్‌సండ్ అంటూ తిరిగాం, చివరికి కాఫీ షాపులో అమ్మాయి నవ్వుతూ సరిచేసింది, ఓలెసుండ్ అట, అది కూడా చివర డ వినీ వినపడనట్టు అనాలి.

ముందు రోజు రాత్రి ఓడలో టూర్ల కౌంటర్ దగ్గర నిలబడ్డాం. ఊరు చూపించే బస్సు, మధ్యలో కొండ పైన ఇరవై నిమిషాలు, మళ్ళీ బస్సు, మనిషికి 89 యూరోలు. అక్కడున్నాయన నాన్న మోకాలు చూసి "సార్‌కి మెట్లు కష్టం" అని జాలిగా మొహం పెట్టాడు. అంతే, నాన్నకి రోషం వచ్చేసింది. "తిరుమల మెట్లు ఎక్కినోడికి ఆ కొండకున్న 418 మెట్లు ఒక లెక్కా" అన్నాడు. ఎక్కింది ఇరవై రెండేళ్ళ క్రితం అని నేను గుర్తు చెయ్యలేదు. మా పక్క కేబిన్ వాళ్ళు ఆ బస్సు తీసుకున్నారు, సాయంత్రం కలిస్తే కిటికీలోంచి తీసిన ఫోటోలు చూపించారు, అన్నిట్లోనూ అద్దం మీద వర్షం చుక్కలే.

దిగీ దిగగానే ఊళ్ళో తిరగడం మొదలెట్టకండి, తిన్నగా బ్యూపార్కెన్ అనే పార్కుకి వెళ్ళిపోండి, మెట్లు అక్కడే మొదలు. మేం ఎనిమిదిన్నరకి చేరేసరికి జనం లేరు, పదిన్నరకి కిందకి దిగొస్తుంటే మాత్రం జాతర. పార్కులో ఒక విగ్రహం ఉంటుంది, దాని ముందు రెండు నిమిషాలు ఆగండి. రోలో అనే వైకింగ్, అంటే ఓడల మీద వెళ్ళి దండెత్తే పాతకాలపు ఉత్తరాది యోధుడు, ఫ్రాన్స్‌లో నార్మండీకి మొదటి పాలకుడు, ఇంగ్లండుని 1066లో జయించిన విలియం ఈయన వంశం వాడే. విగ్రహాన్ని నార్మండీలోని రూఎన్ నగరం వాళ్ళు 1911లో ఇచ్చారు, నార్మండీ పుట్టి వెయ్యేళ్ళు అయిన సందర్భంగా. ఇక్కడి వాళ్ళు ఈయన్ని మావాడే అంటారు, నార్వే పేరు గాంగె రోల్ఫ్, అంటే నడిచే రోల్ఫ్. మనిషి భారీ కాయం, ఏ గుర్రమూ మొయ్యలేక ఎక్కడికైనా నడిచే వెళ్ళేవాడని పాత కథల్లో ఉంది. మా ఆయన నన్ను చూసి "మన టూర్‌కి కులదైవం దొరికాడు" అన్నాడు. నేనైతే దండం పెట్టుకున్నా కూడా.

ఇక మెట్లు. కొండ పేరు అక్స్‌లా, పైన ఊరంతా కనపడే చోటుకి 418 మెట్లు. నిజం చెప్పాలంటే మెట్లు బావున్నాయి, ఒకటే నిట్టనిలువుగా కాకుండా మలుపులు తిరుగుతూ వెళ్తాయి, మధ్య మధ్యలో కూర్చోడానికి బెంచీలు, ప్రతి మలుపులోనూ ఊరు కొంచెం కొంచెం కిందకి జారిపోతూ ఉంటుంది. కాకపోతే ముందు రాత్రి వాన పడింది, కొన్ని చోట్ల రాయి నున్నగా జారుతోంది, చెప్పులేసుకుని వచ్చినాయన ఒకడు మా కళ్ళ ముందే చతికిలబడ్డాడు, దెబ్బ తగల్లేదులెండి. బూట్లు వేసుకోండి. నాన్న యాభై మెట్లకోసారి ఆగుతూ, ఆగిన ప్రతిసారీ "ఫోటో తీస్కోండి, బావుంది ఇక్కడ" అంటూ అది ఆయాసం కాదన్నట్టు నటిస్తూ, మొత్తానికి ముప్పావు గంటలో ఎక్కేశాడు. ఆ దారిలో రోజూ జాగింగ్ చేసే ఊరి ముసలాయన ఒకడు మమ్మల్ని దాటి పైకెళ్ళి, మళ్ళీ కిందకొచ్చి, మళ్ళీ పైకెళ్ళాడు, మేం ఇంకా దార్లోనే ఉన్నాం. మరీ ఎక్కలేని వాళ్ళకి రోడ్డు మీద తిరిగే బొమ్మ రైలు లాంటిది ఉంది, అది పైదాకా తీసుకెళ్తుంది. అది తీసుకున్నా తప్పులేదు, దిగేటప్పుడు మెట్ల మీద నడవండి చాలు.

పైనుంచి చూస్తే ఊరు ఎందుకలా ఉందో ఒక్క చూపులో అర్థమైపోతుంది. సముద్రంలోకి విసిరిన గాలంలా సన్నగా వంపు తిరిగిన నేల, రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు ఇళ్ళు. దూరంగా దీవులు, వెనక సున్‌మోరె కొండల మీద ఆగస్టులో కూడా మంచు గీతలు. ఆ దీవులకి జనం ఎలా వెళ్తారు, పడవలేనా అని నాన్న అడిగాడు, 1987 నుంచి సముద్రం కింద సొరంగాల్లో కార్లు వెళ్తున్నాయి అని అక్కడి బోర్డు చూసి చెప్పా. నమ్మలేదు, రెండుసార్లు చదివించాడు.

ఇప్పుడు అసలు విషయం. 1904 జనవరి 23, అర్ధరాత్రి దాటాక రెండు గంటలప్పుడు పడమటి వైపు ఆస్పోయా అనే దీవి మీద డబ్బాల్లో చేపలు నింపే ఫ్యాక్టరీలో మంట మొదలైంది. బయట తుఫాను గాలి. అప్పటి ఇళ్ళన్నీ చెక్కవే. ఆ గాలి మంటని ఈ సన్నటి నేల పొడుగునా తూర్పుకి తోసుకుంటూ వచ్చేసింది, పక్కకి పారిపోదామన్నా రెండు వైపులా నీళ్ళే. దాదాపు 850 ఇళ్ళు బూడిద, పది వేల మందికి ఆ చలికాలపు రాత్రి గూడు లేదు. అంత ఘోరంలోనూ పోయింది ఒక్క ప్రాణమే, ఒక పెద్దావిడ. ఈ కథ ముందే చదివుంటారు మీరు, నేనూ చదివాను, కానీ ఆ కొండ మీద నిలబడి, మొహాన గాలి కొడుతుంటే, ఎటునుంచి ఎటు మంట నడిచిందో వేలితో గీసి చూసుకుంటే అప్పుడు తెలుస్తుంది. అందుకే ముందు కొండెక్కమంటున్నా. కింద వీధులన్నీ తిరిగేసి ఆఖర్న కొండెక్కితే ఫోటోలు మాత్రమే మిగుల్తాయి.

తర్వాత మూడేళ్ళలో, 1907 కల్లా ఊరిని మళ్ళీ కట్టేశారు. ఈసారి నడి ఊళ్ళో చెక్క వద్దన్నారు, రాయి ఇటుక. యూరప్‌లో అప్పుడు ఆర్ట్ నూవో ఫ్యాషన్ నడుస్తోంది, అంటే తీగలు, పువ్వుల్లా వంపులు తిరిగే అలంకారాల శైలి, నార్వే ఆర్కిటెక్టులు బయట చదువుకుని వచ్చి ఉన్నారు, పైగా 1905లోనే నార్వే స్వీడన్ నుంచి విడిపోయింది, మేం వైకింగుల పిల్లలం అనే ఊపు. అందుకే ఇక్కడి గోడల మీద యూరప్ పూలతీగల పక్కనే డ్రాగన్ తలకాయలు, ముళ్ళేసుకున్న పాముల్లాంటి అల్లికలు. జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ వేసవి సెలవులకి ఈ ఫ్యోర్డులకే, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలకే, వచ్చేవాడట, మంటలు చల్లారిన కొద్ది రోజులకే ఓడల నిండా తిండి, మందులు, ఇంటి సామాను పంపించాడు. ఊళ్ళో ఒక వీధికి ఆయన పేరుంది, పార్కులో ఒక రాయి కూడా ఉంది, దాన్ని మేం దిగేటప్పుడు చూశాం. పదేళ్ళు తిరిగాక అదే చక్రవర్తి యూరప్ మొత్తాన్ని మంటల్లోకి దింపాడు, ఆ మాట మాత్రం రాయి మీద లేదు.

కిందకొచ్చాక నా సలహా ఒకటే, ఫోన్లో మ్యాప్ చూస్తూ నడవకండి, తలకాయ పైకెత్తి నడవండి. షాపుల వరస అయితే ఎక్కడైనా ఉండేదే, బట్టలు, ట్రోల్స్ అనే నార్వే కథల రాక్షసుల బొమ్మలు, ఉన్ని స్వెట్టర్లు. దాని పైన రెండో అంతస్తు నుంచే అసలు ఊరు మొదలవుతుంది. కాంగెన్స్ గాతె అని కార్లు లేని వీధి, మెల్లగా ఎత్తెక్కుతూ వెళ్తుంది, అందులో జనం అంతా ఐస్‌క్రీం వైపు చూస్తున్నారు, పైన మాత్రం రాతి మొహాలు వాళ్ళని చూస్తున్నాయి. అపొతేకర్‌గాతాలో ఒక ఇంటి తలుపు దగ్గర నేను పావుగంట నిలబడిపోయాను. మామూలు తలుపే, ఆకుపచ్చ రంగు, గుడ్డు ఆకారంలో అద్దం, చుట్టూ రాతిలో చెక్కిన తీగ. ఆ తీగ ఎడమ పక్క పైకెళ్ళి మొగ్గ తొడిగింది, కుడిపక్క దిగేసరికి అదే మొగ్గ పువ్వైంది. చెక్కినాయన ఎవరోగానీ ఇల్లు కాలిపోయిన వాళ్ళ గుమ్మం కోసం చేశాడది. దాని కింద అయిదు బెల్లు, ఒకదాని మీద డెంటిస్టు పేరు. అంటే జనం పన్ను పీకించుకోడానికి రోజూ ఆ తలుపు తోసుకునే వెళ్తారు. నాకు ఈ ఊరు నచ్చింది ఇందుకే, మ్యూజియంలో పెట్టి తాళం వెయ్యలేదు, వాడుకుంటున్నారు.

మ్యూజియం అంటే గుర్తొచ్చింది, యుగెన్‌స్టిల్ సెంటర్. ఆర్ట్ నూవోకే ఇక్కడి పేరు యుగెన్‌స్టిల్. ఇది పాత మందుల షాపు, హంస మందుల షాపు అని పేరు, 1907లో పూర్తయింది, 2003లో మ్యూజియం చేశారు. టికెట్ కొనండి, ఆలోచించొద్దు. లోపల షాపు చెక్క పని అలాగే ఉంది, సొరుగులు, కౌంటరు, మెట్ల రెయిలింగు. పైన ఆ మందుల షాపాయన కుటుంబం భోంచేసే గది, బల్ల దగ్గర్నుంచి కుర్చీల దాకా ఒకే చేత్తో గీసినట్టు ఉంటాయి. కింద అగ్నిప్రమాదం గురించి ఒక షో వేశారు, నాకు కొంచెం పిల్లల టైపు అనిపించింది, నాన్న మాత్రం రెండోసారి చూస్తానన్నాడు, కారణం అక్కడ కుర్చీలుండటం అని నా అనుమానం. పక్కనే కూబె అని ఆర్ట్ మ్యూజియం, పాత బ్యాంకు బిల్డింగులో, అదే టికెట్టు మీద వెళ్ళొచ్చు. మేం గబగబా తిరిగి వచ్చేశాం, మోడ్రన్ ఆర్టు మా ముగ్గురికీ ఎక్కలేదు, అది వాళ్ళ తప్పు కాదు.

కాఫీ, స్వేలె. స్వేలె అంటే ఈ ప్రాంతం స్పెషల్, ఫెర్రీల్లో అమ్మే తిండి, మందంగా మెత్తగా ఉండే తీపి అట్టు, సగానికి మడిచి మధ్యలో వెన్న చక్కెరో, బ్రూన్‌ఓస్టో పెట్టిస్తారు. ఈ బ్రూన్‌ఓస్ట్ అంటే గోధుమ రంగు చీజ్, పాలు విరిగాక మిగిలే నీళ్ళని గంటలకొద్దీ మరిగిస్తే వస్తుంది. ఎలా ఉంటుంది అంటే కోవా అడుగంటితే గరిటెతో గీకి తింటాం చూడండి, దానికి చిటికెడు ఉప్పు తగిలిస్తే అలా. నాన్నకి తెగ నచ్చేసింది, మా ఆయన ఒక్క ముక్క కొరికి నా ప్లేటులోకి తోసేశాడు. ముగ్గురికీ కలిపి 270 క్రోనర్లు. నార్వేలో రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గొంతు దిగదు, మార్చకండి. ఇంకో మాట, నోట్లు మార్చుకుని వెళ్ళి నేను బుద్ధి తక్కువ పని చేశా, పబ్లిక్ టాయిలెట్ తలుపు దగ్గర్నుంచి అన్ని చోట్లా కార్డే, ఆ నోట్లు అలాగే తిరిగొచ్చాయి.

మధ్యాహ్నం బ్రూసుండే పక్కన గడిచింది. ఊరిని రెండుగా చీల్చే సన్నటి పాయ, కాలవ అంటారు గానీ సముద్రమే. రెండు గట్లమీదా రంగురంగుల గోడౌన్లు నీళ్ళలోకి అడుగేసినట్టు నిలబడి ఉంటాయి, ఒకప్పుడు పడవలు తిన్నగా తలుపు దగ్గరికే వచ్చి చేపలు దింపేవి, ఇప్పుడు కొన్ని హోటళ్ళు, కొన్ని ఆఫీసులు. వంతెన మీద నిలబడితే అందరూ తీసే ఫోటో వస్తుంది, తీసుకోండి, సిగ్గేం లేదు. కానీ అక్కడే ఆగిపోకుండా నీళ్ళ వెంబడి చివరిదాకా నడవండి. హేరింగ్ చేపలు ఉప్పువేసే ఆడమనిషి విగ్రహం ఒకటి, జాలరి కుర్రాడి విగ్రహం ఒకటి కనపడతాయి, ఈ ఊరు ఎవరి రెక్కల మీద బతికిందో విగ్రహాలు వాళ్ళకే పెట్టారు, అది నాకు ముచ్చటేసింది. రేవు మొనలో మొల్యా అనే ఎర్ర లైట్‌హౌస్, పొట్టిగా బుజ్జిగా ఉంటుంది, 1858 నాటిది. అది ఒక హోటల్‌కి 47వ నంబరు గది ఇప్పుడు, లైట్‌హౌస్ మొత్తం ఒకే గది. మేం బయట తచ్చాడుతుంటే లోపల దిగినాయన తలుపు తీసి కాఫీ కప్పుతో బయటికొచ్చాడు, మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికెళ్ళిపోయాడు పాపం. ఆ దగ్గర్లోనే మంటకి చిక్కకుండా మిగిలిన చెక్క గోడౌన్లు ఉన్నాయి, అందులో 1861 నాటి హోల్మ్‌బువాలో చేపల మ్యూజియం. చెక్కకి పట్టిన తారు వాసన, పాత ఉప్పు వాసన, మిగతా ఊరు మంటకి ముందు ఎలా ఉండేదో ముక్కుకే తెలిసిపోతుంది.

అక్కడే నాన్నకి క్లిప్‌ఫిస్క్ కథ దొరికింది. కాడ్ చేపని చీల్చి, ఉప్పు పట్టించి, ఎండబెడతారు. ఒకప్పుడు సముద్రం ఒడ్డున బండల మీద పరిచి ఎండబెట్టేవాళ్ళు, క్లిప్ అంటే ఆ బండే, వాన చినుకు పడితే ఆడవాళ్ళు పిల్లలు పరిగెత్తుకెళ్ళి కుప్ప చేసి కప్పేవాళ్ళు. ఉత్తరాన లోఫోటెన్ దీవుల వైపు కర్రల మీద వేలాడదీసే చేప వేరు, దానికి ఉప్పుండదు. ఈ ఉప్పు చేప మాత్రం పోర్చుగల్, బ్రెజిల్ దాకా వెళ్తుంది, ఓలెసుండ్ దీనికి పెద్ద రేవు. నాన్న ఆ చేప ముందు నిలబడి "అమ్మాయ్, ఇది మన ఉప్పుచేపే కదే, కాకపోతే బాగా బలిసింది" అన్నాడు. మ్యూజియంలో ఉన్నావిడకి నేను అనువాదం చేసి చెప్పా, ఆవిడ ఎంత నవ్విందో.

సో భోజనం అదే. పేరు రాయను గానీ రేవు పక్కన చిన్న రెస్టారెంట్, బకలావ్ చెప్పాం. ఉప్పు చేపని ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, టమాటా, ఉల్లిపాయ, బంగాళాదుంప, ఆలివ్ నూనె వేసి పొరలు పొరలుగా ఉడికిస్తారు, చేపలు కొనుక్కెళ్ళే స్పెయిన్ పోర్చుగల్ వాళ్ళ నుంచి వచ్చిన వంట. ప్లేటు 295 క్రోనర్లు. చేప అద్భుతం, పెద్ద పెద్ద రేకులుగా విడిపోతుంది, నమిలేకొద్దీ రుచి. గ్రేవీ మాత్రం చప్పగా ఉంది, మిరపకాయ వేశామన్నారు, దాని జాడ మాకు దొరకలేదు. పైగా ఆర్డర్ ఇచ్చాక యాభై నిమిషాలు పట్టింది, ఓడ టైము చూసుకుంటూ తినాల్సొచ్చింది, నీళ్ళు అడిగితే సీసా తెచ్చి దానికి బిల్లేశారు, కుళాయి నీళ్ళు బంగారంలా ఉండే దేశంలో అది అన్యాయం. మీరు ముందే కుళాయి నీళ్ళు అని చెప్పండి. నాన్న తీర్పు ఏంటంటే "చేపకి పదికి తొమ్మిది, పక్కన పప్పుచారు లేనందుకు మూడు తీసేయ్".

చర్చి కూడా చూశాం, 1909 నాటి రాతి చర్చి, లోపల గోడల మీద బొమ్మలు బావున్నాయి, పెళ్ళి రిహార్సల్ ఏదో జరుగుతుంటే అయిదు నిమిషాల్లో బయటికొచ్చేశాం.

నచ్చనివి. గాలి, మొదట అదే, నా గొడుగు రెండో మలుపులోనే తిరగబడి పువ్వైపోయింది, ఇక్కడ గొడుగు తేవద్దు, టోపీ ఉన్న రెయిన్‌కోట్ తెచ్చుకోండి. మూడు ఓడలు ఒకేసారి వస్తే కాంగెన్స్ గాతెలో భుజాలు రాసుకుంటూ నడవాలి, మీ ఓడ రోజు ఇంకెన్ని ఓడలున్నాయో ముందే చూసుకోండి. ఆదివారం దిగితే మామూలు షాపులు చాలావరకు మూసే ఉంటాయి. ఇంకా ఓడ వాళ్ళిచ్చిన కాగితం మ్యాప్‌లో మెట్ల దగ్గర "సులభం, 15 నిమిషాలు" అని రాసుంది, అది రాసినాయనకి మోకాళ్ళు కొత్తవై ఉంటాయి. రోడ్డు దాటడం మాత్రం హాయి, జీబ్రా గీతల దగ్గర మనం ఇంకా ఆలోచిస్తుండగానే కారు ఆగిపోతుంది, నాన్న అలవాటులో చెయ్యి అడ్డం పెట్టి ఆపుతుంటే డ్రైవర్లు తిరిగి చెయ్యి ఊపారు.

మార్కులు అయిదుకి నాలుగున్నర, ఆ అర గ్రేవీకి, గాలికి చెరి సగం.

తిరిగొచ్చేటప్పుడు నాన్న మాయమయ్యాడు. పది నిమిషాల తర్వాత సంచిలో అరకిలో క్లిప్‌ఫిస్క్ ప్యాకెట్‌తో వచ్చాడు, వాసన రాకుండా గట్టిగా సీల్ చేసి ఇచ్చారు చూడు అని. ఓడ దగ్గర స్కానర్‌లో సంచి ఆగింది. పచ్చిది ఏదీ లోపలికి రాదు సార్ అన్నాడు సెక్యూరిటీ కుర్రాడు. ఇది పచ్చిది కాదు ఎండుది అని నాన్న, రూల్ రూలే అని ఆ అబ్బాయి, వెనక లైను పెరుగుతోంది. ఇక లాభం లేదని నాన్న వెనక్కి నడిచి, రేవు గేటు దగ్గర పసుపు కోటు వేసుకుని నిలబడ్డ పెద్దాయన చేతిలో ఆ ప్యాకెట్ పెట్టేశాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తక్, తక్" అని థాంక్స్ చెప్తూ తల ఊపాడు. నాన్న ఆయనకి రెండు వేళ్ళు చూపించి, రెండు రోజులు నానబెట్టాలి అని తెలుగులో చెప్పొచ్చాడు.